కొట్టే ముందు గీయించుకున్న మామిడిచెట్టు

ఎక్కడికి వెళ్లినా నేను ఫోటోలు తీయను, బొమ్మ గీస్తాను. కూరగాయలకు వెళ్లినా, పాకాల స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నా, సంచిలో ఒక గట్టి అట్ట పుస్తకం, రెండు పెన్సిళ్లు ఉంటాయి. నా నియమాలు ఈ బ్లాగు చదివేవాళ్లకు తెలిసినవే. ఒక ప్రయాణానికి ఒక పేజీ. కూర్చున్నచోటే పూర్తి చేయాలి, ఇంటికొచ్చి దిద్దకూడదు, పేజీ చింపి ఎవరికీ ఇవ్వకూడదు. ఇన్నేళ్లలో నన్ను పిలిచి గీయమన్నవాళ్లు ఒక్కరూ లేరు. తిరుపతి బస్టాండులో గీస్తుంటే "ఏం సర్వే మేడం, ఇండ్ల స్థలాలకా?" అని వెనకాల వరసకట్టినవాళ్లు మాత్రం ఉన్నారు. అందుకే మా ఆఫీసులో పనిచేసే రాజేశ్వరి "బంగారుపాళ్యం పక్కన మా సిన్నమ్మోళ్ల తోటలో ఒక మామిడిసెట్టు ఉండాది, దాన్ని నువ్వొచ్చి గీయాలంటక్కా" అన్నప్పుడు పొంగిపోయాను. కొత్త పెన్సిలు కూడా కొన్నాను.

వినాయక చవితి వెళ్లిన శనివారం పొద్దున ఏడు గంటలకు తిరుపతిలో చిత్తూరు బస్సెక్కాను. మగవాళ్లకు వంద రూపాయల దాకా టికెట్టు ఉంటుంది. ఆడవాళ్లం ఆధార్ కార్డు చూపిస్తే ఉచితం. ఉచితంగా ఎక్కినవాళ్లకు సీటు కూడా కావాలా అన్నట్టు చూసే పెద్దమనుషులు ప్రతి బస్సులో ఇద్దరైనా ఉంటారు, వాళ్ల చూపు మాత్రం మనం భరించాలి. కాణిపాకం వెళ్లే జనంతో బస్సు కిక్కిరిసిపోయింది. పాకాల దాటేదాకా నిలబడే ఉన్నాను. చిత్తూరులో రెండు ఇడ్లీలు, ఒక వడ తిని, పలమనేరు బస్సెక్కితే ముప్పావు గంటలో బంగారుపాళ్యం. అక్కడి నుంచి పల్లెకు ఆటోకు నూట యాభై అడిగాడు, నూట ఇరవైకి ఒప్పుకున్నాడు. పల్లె పేరు రాయను, వాళ్లు వద్దన్నారు.

హైవే పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీల గేట్లు మూసి ఉన్నాయి. "కాయల కాలంలో వచ్చింటే సూసిందురు మేడం," అన్నాడు ఆటో అతను. "ఈడి నుంచి ఆ కనపడే మలుపు దాకా ట్రాక్టర్లే. దినాలు దినాలు నిలబెట్టుకొని, కాయ మెత్తబడింది మాకొద్దు పో అనిరి. నిండు ట్రాక్టరు వంకలో గుమ్మరించి ఏడ్సుకుంటా పోయినోళ్లను సూసినా నేను." ఇప్పుడేం చేస్తున్నారని అడిగాను. "ఇబ్బుడా? సెట్లు కొట్టేస్తా ఉండారు. సీజన్లో నాకు తీరికుండదు, ఇబ్బుడు కట్టె కొనేవాళ్లను తిప్పతా ఉండాను, ఇబ్బుడూ తీరిక లేదు." అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

తోట అని దిగినచోట తోట లేదు. నాలుగెకరాల నేలలో వరసకట్టిన మొద్దులు, ఇటుక బట్టీకి వెళ్లడానికి పేర్చిన దుంగలు, వాడిపోయిన ఆకు. మధ్యలో ఒకే ఒక్క చెట్టు పచ్చగా నిలబడి ఉంది. దాని నీడలో చెట్లు కోసే రంపం మిషను పక్కన పెట్టుకుని ఒకాయన కండువా మొహాన కప్పుకుని పడుకున్నాడు. రాజేశ్వరి చిన్నమ్మ కమలమ్మకు యాభై దాటి ఉంటాయి. నాకు ఒక చెంబు నీళ్లిచ్చి, పక్కనే ఉన్న వాళ్ల ఇంటి వసారాలోంచి నులక మంచం తెప్పించి చెట్టు ఎదురుగా వేయించింది. "అన్నీ కొట్టేసినారు. దీన్ని మాత్రం నువ్వొచ్చి గీసేదాకా తాకగూడదని సెప్పినా," అంది. గీశాక? అని అడిగాను. ఆమె మొద్దుల వైపు చూసింది. జవాబు ఆమె భర్త మునిరత్నం చెప్పాడు. "గీసినాక కొట్టేస్తారమ్మా. మల్బరీ పెడతా ఉండాం. దానికి నీడ పనికిరాదు, మజ్జలో సెట్టుంటే ట్రాక్టరు తిరగదు. మిషనాయన పొద్దన్నుంచీ నీకోసమే కాసుకోనుండాడు."

చేతిలో పెన్సిలు బరువెక్కింది అని రాస్తే అందంగా ఉంటుంది కానీ, నాకు వచ్చింది కోపం. ఆఫీసులో నా పక్క సీటులో కూర్చునే మనిషి ఈ ముక్క చెప్పలేదు. ఇంత దూరం రప్పించి, నా గీత ఎప్పుడు ముగుస్తుందా అని ఒక రంపాన్ని నా ఎదురుగా కూర్చోబెడతారా? లేచి వెళ్లిపోదామనుకున్నాను. వెళ్లిపోతే చెట్టు నిలుస్తుందని ఎవరైనా చెప్పుంటే వెళ్లేదాన్నే. మునిరత్నం ఇంకో మాటన్నాడు: "ఫోన్లో ఫోటో దీసుకొని ఇంటికాడ గీసుకోరాదామ్మా, తొందరగా ఐపోతాది." నా నియమం అక్కరకొచ్చింది. కూర్చున్నచోటే గీయాలి, అది నా పద్ధతి, టైము పడుతుంది అని గట్టిగా చెప్పాను. మామూలుగా అరగంటలో ముగించేదాన్ని ఆ రోజు మొదలు మీది బెరడు దగ్గరే గంట కూర్చున్నాను.

వాళ్ల పెళ్లయిన ఏడు పెట్టిన అంటు అది. తర్వాత తోట పెరిగినా ఈ చెట్టు కిందే కాయలు పోశారు, ఈ చెట్టు కొమ్మకే కాటా వేలాడదీశారు. తాడు ఒరిసి ఒరిసి ఆ కొమ్మ మీద వేలు పట్టేంత గాడి పడింది. నేను ఆ గాడి వేస్తుంటే కమలమ్మ వెనక నిలబడి "ఇంగా లోతుండాది" అంది. లోతు పెంచాను. కాసేపటికి మునిరత్నం కూడా వచ్చాడు. ముగిసిందా అని అడుగుతాడనుకున్నాను. పుస్తకంలోకి వంగి చాలాసేపు చూసి, "తూరుపు పక్క కిందికొమ్మ యెయ్యలేదే?" అన్నాడు. ఆ కొమ్మ నేను కూర్చున్నచోటికి కనపడదు. మంచం ఆయనే ఎత్తి పక్కకు జరిపాడు. పొద్దున తొందరపెట్టిన మనిషి ఇప్పుడు కొమ్మ కొమ్మకూ లెక్క చెబుతున్నాడు. ఆ భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు, చెప్పేదంతా నాకే చెప్పారు.

మధ్యాహ్నం కమలమ్మ రాగిసంగటి, ఊరిబిండి అనే చెనక్కాయల పచ్చడి పెట్టింది. మిషనాయన లేచి తిని, "అబ్బా, ఇంగెంతసేపు? వానొచ్చేట్టుండాది, దుంగలు తడిస్తే బట్టీవోడు ఎత్తడు," అని మునిరత్నాన్ని విసుక్కున్నాడు. అతన్ని తప్పుపట్టలేం, అతని బాడుగ అతనిది. తిన్నాక మళ్లీ కూర్చుని ఆకులు మొదలుపెట్టాను. ఒక్కో ఆకూ. చీమలు పోయే తొర్ర కూడా వేశాను. మూడు దాటేసరికి పేజీలో పెన్సిలు పెట్టడానికి చోటు లేదు, నల్లబడిపోయింది. అది నేను గీసినవాటిలోకెల్లా చెడ్డ బొమ్మ, ఆ సంగతి నాకు తెలుసు. అయినా రబ్బరుతో కొంత చెరిపి మళ్లీ గీయడం మొదలుపెట్టాను.

కమలమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఇంగ చాల్లే పాపా."

"ఇంకా ఆకులున్నాయక్కా."

"ఆకులు ఎన్నని యేస్తావు," అని, తల తిప్పకుండా భర్తకు వినపడేలా అంది: "ఆయమ్మ ఐపోయిందనింది. ఇంగ కానీమను."

నేను ఆ మాట అనలేదు. అనలేదని చెప్పడానికి నోరు తెరిచాను. మునిరత్నం అప్పటికే మిషనాయన వైపు చెయ్యి ఊపేశాడు.

తర్వాత ఎంతోసేపు పట్టలేదు. పడేటప్పుడు వచ్చిన చప్పుడు గురించి రాయను. కమలమ్మ ఇంట్లోకి వెళ్లి తలుపు దగ్గరకు వేసుకుంది. నా నియమాన్ని నేనే మీరి పేజీ చింపి తీసుకెళ్లి ఇచ్చాను. ఆమె తీసుకోలేదు. "నాకెందుకు? దినామూ సూస్తా ఏడుస్తా కూసోవాల్నా? నువ్వే తీసుకోబో," అంది. మునిరత్నం రోడ్డు దాకా వచ్చి ఆటో పిలిచాడు, డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. "ఏమనుకోవద్దమ్మా. వినాయక సవితికి ముందు నుంచీ దీన్ని కొట్టమని నువ్వు సెప్పు అని ఆయమ్మ, నువ్వే సెప్పు అని నేను. ఇద్దరికీ నోరు రాలా. మాటలు గూడా ఆపేసినాం. నువ్వొచ్చి మా నెత్తిన బరువు దించినావు," అని రెండు చేతులూ జోడించాడు. అంత మర్యాదగా నన్ను ఎవరూ ఎప్పుడూ అవమానించలేదు. ఆయనకు అది అవమానమని తెలియదు కూడా.

చిత్తూరు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది, పుస్తకం మాత్రం తీయలేదు. ఈ బొమ్మ ఇక్కడ పెట్టడం లేదు. పెడితే కింద ఏం రాస్తారో నాకు తెలుసు: పల్లె ఎంత ప్రశాంతంగా ఉందో, మామిడి నీడలో ఒక మధ్యాహ్నం ఎంత హాయో. ఇన్నాళ్లూ ఆ మెచ్చుకోళ్లు తిని బతికినదాన్నే. చూసినదాన్ని దాచుకోవడానికి గీస్తున్నానని చెప్పుకునేదాన్ని, గీస్తే ఏదో మిగులుతుందని నమ్మేదాన్ని. మిగిలింది నా సంచిలో ఒక నల్లటి కాగితం, అదీ ఎవరికీ అక్కర్లేనిది. సోమవారం రాజేశ్వరి "మా సిన్నమ్మ సంతోషపడిందంటక్కా, ఇబ్బుడు ఇద్దురూ మాట్లాడుకుంటా ఉండారంట" అంది. మంచిదే అన్నాను. ఆ కాపురం కోసమైనా నన్ను నేను సమాధానపరుచుకోవాలి, ఇంకా కుదరలేదు.

పుస్తకం పట్టుకుని బయల్దేరేవాళ్లకు ఒక్క సూచన. తమదేదైనా వచ్చి గీసిపెట్టమని ఎవరైనా పిలిస్తే, బస్సు ఎక్కకముందే ఫోన్ చేసి, గీయడం అయ్యాక దాన్ని ఏం చేస్తారో అడగండి.