వీపుకు వీపు

వనపర్తిలో కౌన్సెలర్ సులోచన గదికి ఏ జంట వచ్చినా వెంట ఆటో నిండా చుట్టాలు దిగుతారు. "మనసులో బాధ ముందు ఒంట్లోనే తెలుస్తుంది. నీకు ఎక్కడ బిగుసుకుందో చెప్పమ్మా" అని కోడలిని అడిగితే అత్త, అల్లుణ్ణి అడిగితే మామ జవాబు చెబుతారు. మధ్యలో ఎవరో "మేడం, సూది ఎయ్యవా?" అంటారు. సులోచనకు తలప్రాణం తోకకొస్తుంది. కళ్ళజోడు తీసి, ముక్కు నొక్కుకుని, మళ్ళీ మొదటినుంచీ అడుగుతుంది.

మొన్న వీపనగండ్ల నుంచి శిరీష, మద్దిలేటి విడిపోతామని వచ్చారు. ఆ మాట కూడా పెద్దలే చెప్పారు. ఆలుమగలను చాప మీద వీపుకు వీపు ఆనించి కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని నెమ్మదిగా ఊపిరి తీసుకోమంది సులోచన. ఈలోగా రెండు వైపులవాళ్ళూ పెళ్ళినాటి కూరలో ఉప్పు దగ్గర్నుంచి తగువు ఎత్తుకున్నారు. కాసేపటికి చూస్తే, వరికోతల నుంచి నేరుగా వచ్చిన ఆ ఇద్దరూ ఒకరికొకరు ఆనుకుని గురకపెడుతున్నారు.

"గిదేం వైద్యం మేడం? పండుకున్నరు. లేపుండ్రి!" అంది శిరీష అత్త.

సులోచన లేచి ఫ్యాను పెంచింది.

"నేనైతే లేపను. లేపి అడిగితే మల్ల మీరే జవాబు చెప్తరు."