గుమ్మపాలకు ఇరవై నాలుగు

మా బడిలో రాహేలుకు పిల్లలు పెట్టిన పేరు మూడుసార్ల టీచర్. ఏది కొలిచినా మూడుసార్లు కొలవాలి, మూడూ రాయాలి, ఆ తర్వాతే నోరు విప్పాలి. ఆ పేరు మొదటిసారి విన్నప్పుడు నేను పడీ పడీ నవ్వాను. ఆమె మాత్రం, "మంచిగనే పెట్టిండ్రు అక్కా, రెండుసార్ల టీచర్ అనలేదు, సంతోషం" అంది.

నా పేరు సావిత్రి. గౌలిపురకూ శాలిబండకూ నడుమ ఉన్న ఈ బడిలో ఇరవై రెండేళ్లుగా తెలుగు చెబుతున్నాను. నాకు కోపం ఎక్కువ, దాచుకునేదేం లేదు. సైన్సు టీచర్లంటే మరీ కోపం. ఒక రకం వాళ్లు నోట్సు చెప్పి రాయించి కుర్చీలో కూలబడతారు. రెండో రకం వాళ్లు బెలూన్లు పేల్చి, రంగునీళ్లు పొంగించి, పిల్లల చేత కేకలు పెట్టించి వెళ్లిపోతారు. ఎందుకు పొంగిందిరా అని అడిగితే ఒక్కడికీ తెలియదు. రాహేలు ఈ రెండు రకాల్లోనూ చేరదని తెలిశాకే ఆమె పక్కన కూర్చుని అన్నం తినడం మొదలుపెట్టాను.

వాళ్ల నాన్న ఆగయ్య నల్లా నీళ్ల మీటర్లు చూసి రాసే చిన్న ఉద్యోగి. ఎండలో తిరగడం ఎందుకని చాలామంది పోయిన నెల అంకెకు ఇంత కలిపి రాసేసేవాళ్లట. ఆయన మాత్రం ప్రతి గల్లీలోకీ దూరి, మోకాళ్ల మీద కూర్చుని, మీటరు అద్దం తుడిచి చూసి రాసేవాడు. సెలవుల్లో రిజిస్టరు పట్టుకుని వెంట తిరిగేది రాహేలు. డిగ్రీలో పదిమందికి ఒక్క మైక్రోస్కోపు ఉండేదని, తన వంతు వచ్చేసరికి బెల్లు కొట్టేవాళ్లని ఇప్పటికీ చెబుతుంది. అందుకే ఆమె క్లాసులో ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ పరికరాన్ని చేత్తో పట్టుకోవాల్సిందే.

ఒక వేసవిలో బండివాడి దగ్గర మంచుగడ్డ కొనితెచ్చి, ముక్కలు చేయించి, ఒకదాన్ని గోనెసంచిలో, ఒకదాన్ని రంపపు పొట్టులో, ఒకదాన్ని పేపర్లో చుట్టించింది. ఏది ఎంత కరిగిందో తూచడానికి పిల్లలు అన్నాలు కూడా మరిచిపోయారు. ఆమె వదిలిందా? తేదీ, పరికరం, ఉష్ణోగ్రత, మూడు రీడింగులు అన్నీ గళ్లు గీసి రాయించింది. చివరి గడి పేరు "నాకు ఇంకా తెలియనిది". అది ఖాళీగా ఉంటే నోటుబుక్కు వెనక్కి వచ్చేది. నేను వ్యాసాలు రాయమంటే నాలుగు వాక్యాలకు నీరుగారిపోయే పిల్లలు ఆ గడిలో పేజీలు పేజీలు రాసేవాళ్లు. నాకు అసూయగా ఉండేది, నిజం చెప్పొద్దూ.

అందరికన్నా ఎక్కువ రాసేది ఎనిమిదో తరగతి కీర్తిప్రియ. వాళ్ల నాన్న బాలకిషన్‌కు గౌలిపురలో ఇంటి వెనకే కొట్టం, నాలుగు బర్రెలు. ఒకప్పుడు గల్లీ గల్లీకి ఉన్న కొట్టాల్లో మిగిలినవాటిలో అదొకటి. మా ఇంటికీ ఆయన పాలే. కీర్తికి తల్లి లేదు. బడిలో జరిగిందంతా పాలు పిండుతున్న తండ్రి పక్కన కూర్చుని చెప్పేదట. ఆయనా రాహేలు టీచర్ ఏమన్నదో నాకు తిరిగి చెప్పేవాడు, పాలు పోస్తూ.

తర్వాత జరిగినదాంట్లో నా చెయ్యి కూడా ఉంది. ఫిబ్రవరిలో నా తెలుగు పాఠంలో ఒకచోట "గుమ్మపాలు" అన్న మాట వచ్చింది. అంటే ఏమిటో ఎవరికీ తెలియలేదు. కీర్తి లేచి, "అప్పుడే పిండిన పాలు మేడం. పొదుగు వేడి పోకముందే తాగేవి. మా ఇంట్ల రోజు తాగుతం" అంది. నేను తెగ మెచ్చుకున్నాను. గుమ్మపాలను మించిన పాలు లేవన్నాను. ఎందుకన్నానో.

ఆ నెలాఖరున సైన్సు దినం. బడులకు ల్యాబు సామాను ఇచ్చే ఒక సంస్థవాళ్లు చూడటానికి వస్తున్నారు. క్లాసు నచ్చితే మాకొక ల్యాబు. రాహేలు పాల పాఠం ఎంచుకుంది. కోఠీలో లాక్టోమీటరు కొనుక్కొచ్చింది. పాలలో నిలబడే గాజు గొట్టం, దాని మెడ మీద అంకెలు. పాలు చిక్కగా ఉంటే పైకి తేలుతుంది, నీళ్లు కలిస్తే లోపలికి మునుగుతుంది. ఇరవై ఎనిమిది, ఆపైన వస్తే మంచిపాలు. ఎవరింటి పాలు వాళ్లు తెమ్మని పిల్లలకు చెప్పింది.

పొద్దున్నే హెడ్మాస్టరు రామ్‌చందర్ సారు హడావిడిగా వచ్చాడు. "జెర జల్దీ కావాలె టీచర్. ఆళ్లు అరగంటనే ఉంటరట. వీడియో గిట్ల తీస్తరు, బోర్డు సాఫ్‌గ కనిపియ్యాలె. గిన్ని గళ్లేంది?"

రాహేలు బోర్డు వైపు చూసింది. ఏడు రకాల పాలు, ఒక్కోదానికి మూడేసి రీడింగులు. అరగంటలో అయ్యే పని కాదు. డస్టరు తీసుకుని మూడు గళ్లు తుడిచేసింది. ఉష్ణోగ్రత గడి పోయింది. మూడు రీడింగుల చోట ఒక్కటే మిగిలింది. ల్యాబు వస్తే ఏళ్ల తరబడి పిల్లలు మూడేమిటి, ముప్ఫైసార్లు కొలుచుకోవచ్చు అనుకున్నానక్కా అని తర్వాత చెప్పింది. ఆమె స్థానంలో ఉంటే నేనూ తుడిచేదాన్నే.

కీర్తి అందరికన్నా ఆఖర్న పరిగెత్తుకుంటూ వచ్చింది. టీచర్ కోసం గుమ్మపాలే తేవాలని పంతం పట్టి, ఒక బర్రెను పిండకుండా ఎనిమిదిన్నర దాకా తండ్రి చేత ఆపించింది. చెంబు నిండా నురగ. వేడి పోకూడదని చెంబుకు తువ్వాలు చుట్టి తెచ్చింది.

క్లాసు భలేగా సాగింది. ఫ్రిజ్‌లోంచి తీసిన ప్యాకెట్ పాలకు ముప్ఫై రెండు వచ్చింది. చప్పట్లు. ఇంకొకదానికి ఇరవై తొమ్మిది. కీర్తి నురగ ఊది, లాక్టోమీటరు తనే దించింది. అది మునిగింది. ఇరవై నాలుగు.

"ఏయ్, నీళ్లపాలు!" అని వెనక బెంచీలోంచి అనురాగ్ అరిచాడు. క్లాసంతా నవ్వింది. కీర్తి చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"చూసింది చూసినట్టు రాయాలె బిడ్డా" అంది రాహేలు.

ఆ పిల్ల తన చేత్తోనే బోర్డు మీద రాసింది. బాలకిషన్, గౌలిపుర, ఇరవై నాలుగు. సంస్థవాళ్లు లేచి మరీ చప్పట్లు కొట్టారు. పిల్లలే కల్తీని పట్టేశారని మురిసిపోయారు. మధ్యాహ్నానికల్లా ఆ వీడియో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఉంది. సాయంత్రానికి గల్లీలో అందరి ఫోన్లలోనూ ఉంది.

మర్నాడు నేను బాలకిషన్ దగ్గర పాలు మానేశాను. ఏడేళ్లుగా పోయించుకుంటున్నదాన్ని, ఒక్క మాట అడగకుండా గుమ్మంలోనే వద్దని పంపించేశాను. ఆయన క్యాను మూత పెట్టుకుని వెళ్లిపోయాడు. నా కోపం ఎప్పుడూ ఇంతే, ముందొస్తుంది. బుద్ధి వచ్చేసరికి మనుషులు మెట్లు దిగిపోయి ఉంటారు.

సోమవారం కీర్తి స్టాఫ్‌రూముకు వచ్చింది. రాహేలు ల్యాబు కాయితాలు నింపుతోంది.

"టీచర్, మల్లొక్కసారి కొలుద్దామా? మూడుసార్లు కొలవలే కద."

రాహేలు పెన్ను దించి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. "నీ బాధ నాకు ఎరుక బిడ్డా. కని అంకెకు మనమీద కోపముండది. మనకు నచ్చని జవాబు వచ్చిందని మల్ల మల్ల కొలుస్తమా? ఒప్పుకోవాలె."

ఎంత ప్రేమగా చెప్పిందో. నేనూ పక్కనుంచి తలాడించాను. ఆ పిల్ల వెళ్లిపోయింది. మర్నాటి నుంచి బడికి రాలేదు.

రెండు వారాల తర్వాత ఒక శుక్రవారం తొమ్మిదో తరగతిలో రాహేలు వేడికి ద్రవాలు వ్యాకోచిస్తాయన్న పాఠం చెబుతోంది. పక్క గదిలో ఉన్న నాకు ఆమె గొంతు హఠాత్తుగా ఆగిపోవడం వినిపించింది. నేను వెళ్లి చూస్తే, ఆమె పిల్లలను వదిలేసి స్టాఫ్‌రూముకు వచ్చి, అల్మారాలోంచి లాక్టోమీటరు డబ్బా తీసి, అందులో మడిచిపెట్టిన కాయితం చూస్తోంది. ఇరవై ఏడు డిగ్రీల దగ్గర చూడవలెను అని అందులో ఉంది.

"అక్కా, ఆ పాలు వేడిగ ఉండె."

"ఏ పాలు?"

"గుమ్మపాలు అక్కా. పొదుగు వేడి పోలే. వేడికి పాలు పలుచనైతయి, గొట్టం మునుగుతది. ఆ ప్యాకెట్ పాలేమో ఫ్రిజ్‌ల నుంచి తీసినయి, అందుకే గంత మీదికి తేలింది. ఆ నురగల గాలి కూడ... వేడి రాసే గడి నేనే తుడిచేసిన."

ఆమె ఏడవడం అదే మొదటిసారి చూశాను.

సాయంత్రం ఇద్దరం గౌలిపుర వెళ్లాం. కొట్టంలో రెండే బర్రెలు ఉన్నాయి. పాలు పోయించుకునేవాళ్లు లేక రెండింటిని అమ్మేశాడు. రాహేలు చేతులు జోడించి అంతా చెప్పింది. బాలకిషన్ బర్రె దగ్గర కూర్చుని మా ఎదుటే పాలు పిండి ఇచ్చాడు. థర్మామీటరు ముప్ఫై ఆరు చూపింది. లాక్టోమీటరు మళ్లీ ఇరవై నాలుగే. చెంబును నీళ్ల తొట్టిలో పెట్టి గంటన్నర కూర్చున్నాం. ఇరవై ఏడుకు దిగాక కొలిచింది. ఇరవై ఎనిమిది. మళ్లీ ఇరవై ఎనిమిది. మూడోసారి గీతకు కాస్త పైనే.

తలుపు చాటు నుంచి కీర్తి ఎప్పుడు వచ్చిందో, మా వెనక నిలబడి ఆ అంకెనే చూస్తోంది.

"అయితే బాపు నీళ్లు కలుపలేదా టీచర్?"

బాలకిషన్ లేచి కొట్టం లోపలికి వెళ్లి, గోడవైపు తిరిగి గడ్డి సర్దసాగాడు.

సర్దడానికి గడ్డేమీ లేదు. అటు తిరిగే అన్నాడు. "ఆ దినం ఇంటికొచ్చి అడిగింది టీచరమ్మా. కలుపలే బిడ్డా అన్న. నోటుబుక్కు తెచ్చి అంకె చూపిచ్చింది. నా దగ్గర అంకె లేకపాయె. అప్పటి సంది ఇంట్ల పాలు ముడుతలేదు."

రాహేలు చేయగలిగిందంతా చేసింది. పొద్దున బడి ప్రార్థనలో అందరి ముందూ, తప్పు నాది అని చెప్పింది. హెడ్మాస్టరు వద్దన్నా వినకుండా, పాలు చల్లార్చి మళ్లీ కొలిచి, ఆ తీరంతా వీడియో తీసి అదే గ్రూపులో పెట్టింది. మొదటి వీడియోను గల్లీ గల్లీకి పంపినవాళ్లు దీన్ని చూడనేలేదు. జనం ప్యాకెట్లకు అలవాటు పడిపోయారు. నేను కొట్టానికి వెళ్లి క్షమించమన్నాను. ఆయన పాలు పోశాడు, కొసరు కూడా పోశాడు. టీచర్ ఏమన్నదో మాత్రం ఇక చెప్పలేదు.

ఏప్రిల్‌లో బాలకిషన్ టీసీ కోసం వచ్చాడు. కీర్తిని మలక్‌పేటలో మేనత్త ఇంట్లో ఉంచి అక్కడి బడిలో వేస్తానన్నాడు. రాహేలు వరండాలో అడ్డం నిలబడింది. ఆ పాటికి మాకు ల్యాబు వచ్చేసింది. ఆమె వెనక గదిలో కొత్త మైక్రోస్కోపులు అట్టపెట్టెల్లోనే ఉన్నాయి.

"నా మీద కోపముంటే నన్ను తిట్టన్నా. దాన్ని తీస్కపోకు. దానికి సైన్సంటే పానం."

"కోపమెందుకుంటది టీచరమ్మా" అన్నాడు ఆయన. నిజంగానే ఆ గొంతులో కోపం లేదు. "తప్పు చేసిన అని అందరి ముంగట ఒప్పుకున్నవు. అట్ల ఎవలు ఒప్పుకుంటరు? కని నా బిడ్డ నా కన్న నిన్నే ఎక్కువ నమ్మింది. ఇంక ముందు గూడ నమ్ముతది. మల్ల ఎన్నడన్న నీకు తొందరైతే, అది ఏమైతది?"

రాహేలు పక్కకు జరిగింది. ఆయన ఇద్దరికీ దండం పెట్టి, కాయితం మడిచి జేబులో పెట్టుకుని గేటు దాటి వెళ్లిపోయాడు.