శుక్రుడు లేచాడా, లేదా?

2026 ఫిబ్రవరి. అమావాస్య ముందురోజు, సోమవారం పొద్దున గుంటూరులో మా ముందుగదిలో ఇద్దరు పెద్దమనుషులు కూర్చున్నారు. ఇద్దరి చంకల్లోనూ చుట్టిన కేలండర్లు.

విత్తనాల కొట్లు, పురుగుమందుల కొట్లు రైతులకు పంచే కేలండర్లకు తిథులు, గ్రహాల లెక్కలు కట్టివ్వడం నా పని. ఎమ్మెస్సీ లెక్కలు చదివి, మా నాన్న దగ్గర పాత పద్ధతి నేర్చుకుని, పాతికేళ్లుగా ఇదే చేస్తున్నాను. కేలండరు అడుగున పేరుకు బదులు పొడి అక్షరాలుంటాయి కాబట్టి, వచ్చినవాళ్లు విభూతి పెట్టుకున్న సిద్ధాంతిగారి కోసం చూస్తారు. నేనే అంటే నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగిచూస్తారు. వీళ్లూ చూశారు.

ఒకాయన కోటేశ్వరరావు, అద్దంకి దగ్గర మిర్చి రైతు, ఆడపిల్ల తండ్రి. రెండో ఆయన సాంబశివరావు, గుంటూరు పక్కన పత్తి రైతు, మగపిల్లాడి తండ్రి. గురువారం రాత్రి పెళ్లి. కోటేశ్వరరావు గారి గోడ మీది విత్తనాల కొట్టు కేలండరు ప్రకారం శుక్ర మౌఢ్యం మంగళవారంతో సరి. సాంబశివరావు గారి అక్క రత్తమ్మ గ్యాసు బండ వచ్చిన తేదీ రాసుకోబోతూ తన పురుగుమందుల కొట్టు కేలండరు చూసింది. అందులో శనివారం దాకా ఉంది. మూఢమంటే శుక్రుడు సూర్యుడికి మరీ దగ్గరై, ఆ వెలుగులో కలిసిపోయి కనబడని కాలం. అప్పుడు మావైపు పెళ్లిళ్లు చెయ్యరు.

"బావగారిది తప్పని నేననట్లేదండి. మా అక్క మూఢంలో తాళి కట్టనివ్వదు" అన్నారు సాంబశివరావు.

"ఊరంతా పిలుచుకున్నానండి. ఆగిన పెళ్లికి వంద మాటలు పుడతాయి. ఇప్పుడాగితే మా పిల్లకి ఇక ఈ పెళ్లి జరగదు" అన్నారు కోటేశ్వరరావు.

ఇద్దరూ ఎంతో మర్యాదగా కేలండర్లు విప్పి నా బల్ల మీద పక్కపక్కన పరిచారు. రెండింటి అడుగునా ఉన్నవి నా అక్షరాలే.

దొరికిపోయాను. విత్తనాల కొట్టాయన ఆకాశంలో కనబడేదానికి సరిపోయే కొత్త లెక్క కావాలన్నాడు. పురుగుమందుల ఆయన తాతలనాటి లెక్క తప్ప ఒప్పుకోనన్నాడు. ఎవరి నమ్మకం వాళ్లది, నాకెందుకులే అని ఇద్దరికీ వేసిచ్చాను. ఆ రెండు కేలండర్లూ వియ్యమందుకుంటాయని నేనేమైనా కలగన్నానా!

సరే, విడమర్చి చెప్పాను. ఆకాశంలో సూర్యుడు నడిచే బాట మీద ఏ గ్రహం ఎన్నో డిగ్రీలో ఉందో చెప్పే అంకెను లాంగిట్యూడ్ అంటాం. శుక్రుడి అంకెలోంచి సూర్యుడి అంకె తీసేస్తే ఇద్దరి మధ్య ఎడం వస్తుంది. అది పది డిగ్రీలు దాటితే మూఢం పోయినట్టు. పాత లెక్కకూ కొత్త లెక్కకూ తేడా ఒకే ఒక్క డిగ్రీ. కాని ఈ రోజుల్లో శుక్రుడు ఆ ఒక్క డిగ్రీ జరగడానికి నాలుగు రోజులు తీసుకుంటాడు. ఇద్దరూ బుద్ధిగా తలలూపి, రత్తమ్మ గారికి ఫోను కలిపి నా చేతికిచ్చారు.

"రెండు రకాలుగా లెక్కేసిందానివి, నీ మాట నేను నమ్మను అమ్మాయ్" అందావిడ. "మూఢమంటే చుక్క కనబడకపోవడమేగా? కనబడితే పెళ్లి. చూపించు."

శాస్త్రమూ అదే చెబుతుంది. మంగళవారం అమావాస్య, ఎవరూ గడప దాటరు. అందుకని బుధవారం సాయంత్రం, పెళ్లికి సరిగ్గా ఒకరోజు ముందు, కోటేశ్వరరావు గారి మిరప కళ్లంలో చూడాలని తేల్చారు.

అద్దంకికి కొత్త లెక్క మళ్లీ కట్టాను. ఫలానా నిమిషాన గ్రహం నేలకు ఎంత ఎత్తులో, ఏ దిక్కున ఉంటుందో ముందే చెప్పొచ్చు. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు పది డిగ్రీలు. సూర్యుడు దిగిన ఇరవై నిమిషాలకు శుక్రుడు పడమరకు కాస్త ఎడమగా, అర పిడికిలి ఎత్తున ఉండాలి. మరో ఇరవై నిమిషాలకు అతనూ దిగిపోతాడు. అర పిడికిలి మీద ఒక పెళ్లి పెట్టాను కదా అని ఆ లెక్క ఇంకో రెండుసార్లు సరిచూశాను.

బుధవారం కళ్లంలో ఎర్రగా పరిచిన కాయల మధ్య రెండువైపులవాళ్లూ కలిపి ముప్ఫైమంది, తుమ్ములే తుమ్ములు. పెళ్లికూతురు శ్రావణి పసుపు మొహంతో నా పక్కకొచ్చి నిలబడింది. "కనబడుతుందాండీ?" అనడిగింది మెల్లగా. కనబడాలమ్మా అన్నాను.

సూర్యుడు దిగాడు. పడమటంతా లారీల దుమ్ము. ఇరవై నిమిషాలైంది, ఏమీ లేదు. ఇంకాసేపటికి కోటేశ్వరరావు గారు పైకి చెయ్యి చూపించి అరిచారు. నిజంగానే సన్నటి నెలవంక పైన ఒక చుక్క. జనం చప్పట్లు కొట్టారు. నేను పిడికిలి పెట్టి చూశాను. పిడికిలిని మించి ఎత్తుంది. నోరు మూసుకుంటే పెళ్లి జరిగిపోతుంది. నా నోరు నా మాట ఎప్పుడు విన్నది గనక!

"అది శుక్రుడు కాదండి, బుధుడు" అన్నాను.

కళ్లంలో తుమ్ములు కూడా ఆగిపోయాయి. కోటేశ్వరరావు గారు నా చెవి దగ్గరకొచ్చి, "ఏ చుక్కయితే నీకేంటమ్మా" అన్నారు. ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది.

మిర్చి టిక్కీ బస్తాల మీద కూర్చున్న రత్తమ్మ గారు అప్పుడు లేచింది. కళ్లద్దాలు తీసేసి చూసింది. "మరి ఆ దుమ్ములో, కరెంటు స్తంభం పక్కన ఎర్రగా మెరుస్తోందే, అదేంటి?"

పడమరకు ఎడమగా, అర పిడికిలికి తక్కువ ఎత్తులో, దుమ్ముకు ఎర్రబడి నిలబడున్నాడు శుక్రుడు. అదేనండి అన్నాను. ఆవిడ అది దిగేదాకా చూసి, తమ్ముడివైపు తిరిగింది.

"బస్సు మాట్లాడరా సాంబా."

కోటేశ్వరరావు గారు కళ్లంలోనే చతికిలబడి కళ్లు తుడుచుకున్నారు. మిరపకాయలు తిరగేసిన చేతులవి. ఇక రాత్రి దాకా ఆయన ఏడుస్తూనే ఉన్నారు. అందులో ఆనందమెంతో, కారమెంతో ఎవరూ తేల్చలేదు.

గురువారం రాత్రి తాళి కట్టించి, పురోహితుడు గారు దంపతుల్ని హాలు బయటికి తీసుకొచ్చి అరుంధతీ నక్షత్రం చూపించారు. ఆయన వేలు నడినెత్తికి చూపిస్తోంది. అక్కడున్నది సాక్షాత్తూ బృహస్పతి. అరుంధతి అప్పుడే ఈశాన్యాన లేస్తోంది. హాలు కప్పు దాటి కనబడాలంటే గంట పైనే ఆగాలి.

"ఆగండి పంతులుగారూ" అంది రత్తమ్మ. "అమ్మాయ్, నువ్వు చెప్పు. అది అరుంధతేనా?"

అందరూ నావైపు తిరిగారు. పురోహితుడు గారి వేలు గాల్లోనే ఉండిపోయింది. శ్రావణి పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. భోజనాల దగ్గర ఆకులు వేసేశారు.

డిగ్రీ కూడా వదలకూడని చోటు ఒకటుంటుంది, ఆకాశం మొత్తం వదిలేయాల్సిన చోటు ఒకటుంటుంది. ఆ రెండో చోటు ఏ పట్టికలోనూ ఉండదని పాతికేళ్ల సర్వీసులో ఆ రాత్రే నేర్చుకున్నాను.

"సాక్షాత్తూ అరుంధతేనండి" అన్నాను.