మా నాన్న సైకిలుకు దీపం పెట్టిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే కోపం నాకే ఎక్కువని అనేవాళ్ళు. నిజమే. అన్నంలో రాయి తగిలినా, జడ గట్టిగా వేసినా నాకు కోపం వచ్చేది. కానీ కోపం అంటే అసలు ఏమిటో తెలిసింది మాత్రం పదకొండో ఏట, మా నాన్న కాలు విరిగిన చలికాలంలో. ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

మేము జహీరాబాద్‌లో ఉండేవాళ్ళం. మా నాన్న బడిపంతులు. ఆయన పనిచేసే బడి ఝరాసంగం దిక్కున ఒక చిన్న పల్లెలో ఉండేది. రోజూ పొద్దున జొన్నరొట్టెలు మూట కట్టుకుని సైకిలు మీద పోయేవాడు, సాయంత్రం అదే సైకిలు మీద తిరిగి వచ్చేవాడు. అది మా తాత తొక్కిన సైకిలు. నల్లటి బరువైన బండి. గుంతలో పడితే చైను మీది రేకు గలగలమనేది. దానికి దీపం లేదు. అవసరమని ఎవరికీ తోచలేదు కూడా, మా నాన్న పొద్దు మునగకముందే ఇల్లు చేరే మనిషి కాబట్టి.

ఆ రోజు చేరలేదు. శనగ చేల నుంచి వస్తున్న రైతులు ఆయన్ను ఎద్దులబండిలో వేసుకొచ్చి దవాఖానలో దించారని కబురొచ్చింది. మా అమ్మ పొయ్యి మీద పప్పు అట్లాగే వదిలేసి, నా చెయ్యి పట్టుకుని పరుగెత్తింది. మోకాలి కింద ఎముక విరిగింది. ఎడమ చెంప గీరుకుపోయి, మట్టి ఇంకా అంటుకునే ఉంది. జీపు గుద్దిందని రైతులు చెప్పారు. ఎవరి జీపు అని మా అమ్మ అడగలేదు. ఆ దారిలో జీపు ఒక్కటే తిరిగేది. పచ్చ రంగుది, బడి ఉన్న ఊరి పటేల్‌ది. మా నాన్న బడి నడిచేది ఆ పటేల్ ఇచ్చిన గదుల్లోనే. ఏ పంతులు ఉండాలి, ఏ పంతులు పోవాలి అన్నది కూడా ఆయన మాట మీదే నడుస్తుందని అందరూ అనుకునేవాళ్ళు.

మర్నాడు ఆ పటేల్ దవాఖానకు వచ్చాడు. బుట్టెడు బత్తాయిలు తెచ్చాడు. చుట్టూ మంచాల మీద ఉన్న రోగులూ, వాళ్ళ వాళ్ళూ లేచి నిలబడ్డారు. ఆయన మా నాన్న కట్టు వైపు చూసి, అందరికీ వినబడేలా అన్నాడు.

"ఏం పంతులూ, బత్తీ లేని సైకిల్ మీద చీకట్ల తిరుగుతే ఎట్ల? మా డ్రైవర్‌కు ఏం కనబడ్తది? నీ నసీబ్ మంచిగుంది, బతికినవ్."

మా నాన్న పడుకున్న చోటే రెండు చేతులూ జోడించాడు. "అవును పటేలా. నాదే తప్పు" అన్నాడు.

నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాను. నాకు కోపం వచ్చింది పటేల్ మీద కాదు, మా నాన్న మీద. కాలు విరిగినవాడు దండం పెట్టడమేమిటి, విరగ్గొట్టినవాడు పళ్ళిచ్చి పోవడమేమిటి? పటేల్ అటు పోగానే ఆ బుట్ట తీసుకెళ్ళి దవాఖాన వెనకాల మేకల ముందు కుమ్మరించాను. మా అమ్మ చూసి వీపు మీద నాలుగు వేసింది. ఏడవలేదు. ఆ తర్వాత ఎన్నో రోజులు మా నాన్నతో మాట్లాడలేదు. ఆయన ఇంటికొచ్చి మంచంలో పడుకుని మంచినీళ్ళు అడిగితే, చెంబు పక్కన పెట్టి ముఖం తిప్పుకుని వచ్చేదాన్ని. ఒడి నిండా కంకర రాళ్ళు ఏరుకుని, పచ్చ జీపు బజారుకు ఎప్పుడొస్తుందా అని రెండు మూడు సార్లు రోడ్డు పక్కన కాపు కూడా కాశాను. అది రాలేదు.

విరిగిన సైకిలును ఎవరో మా వాకిట్లో పడేసి పోయారు. ఒక ఆదివారం మా అమ్మ నన్ను వెంటబెట్టుకుని దాన్ని బజారు వీధిలోని సైకిలు చాచా దుకాణానికి ఈడ్చుకుపోయింది. చాచా మా తాత కాలం నుంచీ ఆ సైకిలును బాగుచేస్తున్నాడు. సన్నటి మనిషి, తెల్ల గడ్డం, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ నల్లటి గ్రీజు. మా అమ్మ ఆయనతో అన్నీ సరిచేయమని, దాంతోపాటు దీపం కూడా పెట్టమని చెప్పింది. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది.

"బత్తీ ఎందుకు పెట్టాలె? పెడితే తప్పు మాదే అని ఒప్పుకున్నట్టు కాదా?" అని అరిచాను.

మా అమ్మ నా వైపు కొట్టేలా చూసింది. చాచా మాత్రం నవ్వలేదు, కసురుకోలేదు. "అమ్మా, నువ్వు పో. బిడ్డ నా దగ్గర ఉండనీ" అన్నాడు. అమ్మ కూరగాయలు తేవడానికి అంగడికి పోయింది.

చాచా ముందు చక్రం ఊడదీసి, దాన్ని పట్టుకుని ఉండే ఇనుప ఫోర్కును విప్పి నా చేతుల్లో పెట్టాడు. అది వంగిపోయి ఉంది. బరువుకు నా చేతులు కిందికి జారాయి. ఇది ఎటు వంగిందో చూసి చెప్పమన్నాడు. వెనక్కి వంగింది అన్నాను. అట్లా వంగాలంటే దెబ్బ ఎటు నుంచి తగలాలి అన్నాడు. నేను ఆలోచించి, ముందు నుంచి అన్నాను. ఇంకా చూడమన్నాడు. కుడివైపు కొమ్మ మీద గీరుకుపోయిన చోట పచ్చ రంగు అంటుకుని ఉంది.

"మీ నాయిన ఏ దిక్కు పడ్డడు?"

"ఎడమ దిక్కు. కాలువల పడ్డడని రైతులు చెప్పిన్రు."

"అంటే?"

నాకు కొంచెం సేపు పట్టింది. తర్వాత ఒక్కసారిగా అర్థమైంది. మా నాన్న రోడ్డుకు ఎడమ పక్క, తన దారిన తాను వస్తున్నాడు. జీపు ఎదురుగా వస్తూ అడ్డంగా ఈ పక్కకు వచ్చి గుద్దింది. పరుగెత్తుకుపోయి బజారంతా అరిచి చెప్పాలనిపించింది. లేవబోతే చాచా నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. ముందు పని చెయ్యి అన్నాడు.

ఆయన దగ్గర ఏదో పాత సైకిలు నుంచి తీసిన డైనమో ఒకటుంది. చిన్న సీసా అంత ఉంటుంది. తలమీద గీతలున్న చిన్న చక్రం, అది సైకిలు టైరుకు ఒరుసుకుని తిరిగితే కరెంటు పుడుతుంది. చాచా కొత్త ఫోర్కు వేసి, చక్రం బిగించి, డైనమోను పట్టీతో ఫోర్కుకు నా చేతే కట్టించాడు. అది ఎట్లా పడితే అట్లా ఉండకూడదట. దాని మధ్యలోంచి నిలువుగా గీత గీస్తే అది సరిగ్గా చక్రం నడిమి ఇరుసు మీదికి పోవాలి, లేకుంటే టైరును కోసేస్తుంది. ఒక కన్ను మూసి చూస్తూ నాలుగుసార్లు వదులు చేసి నాలుగుసార్లు బిగించాను. హ్యాండిల్ కింద ముందు దీపం, వెనక మడ్‌గార్డు మీద ఎర్ర దీపం పెట్టాము. తీగను సైకిలు గొట్టానికి చుట్టుకుంటూ వెనకదాకా తీసుకుపోయాను.

చక్రం తిప్పాను. దీపం వెలగలేదు. ఇంకా గట్టిగా తిప్పాను. డైనమో గుర్రుమన్నది కానీ వెలుగు లేదు. అంతసేపటి శ్రమా వృథా అయిందన్న కోపంతో కాలెత్తి ఆ చక్రాన్ని తన్నాను.

"తంతే చెప్తదా అది? చూడు. కరెంటు ఏడ ఆగిందో చూడు" అన్నాడు చాచా. పక్కన కూర్చుని ఇంకెవరి ట్యూబుకో పంక్చరు వేసుకుంటూ ఉన్నాడు. నేను బల్బు విప్పి చూశాను, బాగానే ఉంది. తీగ లాగి చూశాను, ఎక్కడా తెగలేదు. చివరికి ఆయనే జాలిపడి ఒక మాట చెప్పాడు. కరెంటు తీగలో పోతుంది, తిరిగి సైకిలు ఇనుములోంచి వస్తుంది. అప్పుడు పట్టీ విప్పి చూశాను. కొత్త ఫోర్కు మీద దట్టంగా నల్ల రంగు ఉంది. పట్టీ స్క్రూ ఆ రంగును దాటి ఇనుమును తాకడం లేదు. చాచా నా చేతికి ఆకురాయి ఇచ్చాడు. రంగు పోయి తెల్లటి ఇనుము కనబడేదాకా గీకి, మళ్ళీ బిగించి, చక్రం తిప్పాను. మధ్యాహ్నపు ఎండలో ఆ వెలుగు పల్చగా, పసుపుగా కనబడింది. నేనెంత గట్టిగా అరిచానో, ఎదుటి బట్టల దుకాణం వాళ్ళు బయటికి వచ్చి చూశారు.

అప్పుడు చాచా లేచి, వంగిన పాత ఫోర్కును తుడిచి, దుకాణం ముందు ట్యూబులు వేలాడే కొక్కేనికి తగిలించాడు. పచ్చ రంగు అంటిన పక్క రోడ్డు వైపు ఉండేలా తిప్పి పెట్టాడు.

ఆ బజారుకు చిరాగ్‌పల్లి నుంచీ, న్యాల్‌కల్ నుంచీ, మా నాన్న బడి ఉన్న ఊరి నుంచీ జనం వచ్చేవాళ్ళు. ఇదేంది చాచా అని అందరూ అడిగేవాళ్ళు. ఆయన ఒకే మాట చెప్పేవాడు. పంతులు సైకిల్‌ది, ముందట నుంచి తగిలింది, కుడి దిక్కు పచ్చ రంగు అంటింది. అంతే. ఎవరి పేరూ ఎత్తలేదు. వారం తిరిగేసరికి తెలియని ఊరు లేదు.

ఈ సంగతి తెలిసి మా నాన్న నా మీద మండిపడ్డాడు. "మీరంత కలిసి నన్ను ఈడికెళ్ళి వెళ్ళగొట్టేటట్టున్నరు" అన్నాడు. అప్పుడు మొదటిసారి ఆయన గొంతులో భయం విన్నాను. అంతకు ముందు ఆయన దండం పెట్టడం పిరికితనమని, మర్యాద అని ఏదో అనుకున్నాను. భయం అని తెలిశాక నాకు ఆయన మీద కోపం పోయింది. అదంతా పోవలసిన చోటికి పోయింది.

కట్టు విప్పాక మా నాన్న కర్ర ఊతంతో నన్ను తోడు తీసుకుని సైకిలు కోసం చాచా దుకాణానికి వచ్చాడు. మేము అక్కడ ఉండగానే పచ్చ జీపు వచ్చి ఆగింది. పటేల్ దిగాడు. అది వారపు అంగడి రోజు, రోడ్డు నిండా మనుషులు.

"ఏందయ్యా ఈ తమాషా? తియ్ దాన్ని" అన్నాడు చాచాతో.

చాచా గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ లేచాడు. "పటేల్ సాబ్, నేను ఎవ్వరి పేరు తీయలే. మీరెందుకు అడుగుతున్నరు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. పటేల్ ముఖం నల్లబడింది. వెంటనే మా నాన్న వైపు తిరిగాడు. "పంతులూ, నువ్వే చెప్పు. దవాఖానల అందరి ముంగట ఏమన్నవ్?"

మా నాన్న చెయ్యి నా భుజం మీద ఉంది. ఆయన మాట్లాడడనే అనుకున్నాను. కానీ తలెత్తి, బడిలో పాఠం చెప్పే గొంతుతో అన్నాడు.

"దవాఖానల భయపడి చెప్పిన పటేలా. అప్పటికి పొద్దు మునగలే. నా దిక్కున నేను పోతున్న. మీ జీపే ఈ దిక్కుకొచ్చింది."

అరవలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కరూ కదల్లేదు. పటేల్ అందరి ముఖాలూ చూసి, జీపెక్కి తలుపు ధడాలున వేసుకుని పోయాడు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఎండాకాలం సెలవులు కాగానే మా నాన్నకు న్యాల్‌కల్ అవతల, కన్నడం మాట్లాడే పల్లెకు బదిలీ అయింది. కుంటి కాలితో రెట్టింపు దూరం. తిరిగి వచ్చేసరికి నిజంగానే చీకటి పడేది. పటేల్‌కు ఏమీ కాలేదు. ఆయన జీపు అట్లాగే తిరిగింది, ఆయన అట్లాగే పెద్దమనిషిగా బతికి పోయాడు. అందుకే నా కోపం చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోవడం కూడా లేదు. కానీ మా నాన్న ఆ తర్వాత ఎవరికీ అట్లా పడుకుని దండం పెట్టలేదు. ఆ బదిలీ గురించి ఒక్కనాడూ బాధపడ్డట్టు మాట్లాడలేదు.

పెద్దయ్యాక నేను ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చాలా ఏళ్ళు పనిచేశాను. ఎవరి చేతిలోనో దెబ్బ తిని వచ్చి, నేను ఇంకా అడగకముందే "తప్పు నాదే మేడం" అనే పిల్లలు ఎందరో ఉండేవాళ్ళు. వాళ్ళను ఓదార్చడం నాకు చేతనయ్యేది కాదు. కోపమొచ్చేది నాకు. ఆ కోపాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, కాగితం కలం తీసి, "తప్పు సంగతి తర్వాత. ముందు నువ్వు ఎక్కడ నిలబడ్డావు, వాడు ఎటు నుంచి వచ్చాడు, అది చెప్పు" అనేదాన్ని. చెప్పడం మొదలుపెట్టాక, సగంలోనే వాళ్ళ గొంతు మారిపోయేది. ఆ మార్పు కోసం ఎంతసేపైనా కూర్చునేదాన్ని.