మరమనిషి భుజకీర్తులు

తెనాలిలో ఆయన్ని కిరీటాల వీరాస్వామి అనేవాళ్ళు. ఆయనతో కాసేపు కూర్చుని లేచినవాళ్ళు మాత్రం ప్రశ్నల వీరాస్వామి అనేవాళ్ళు. పౌరాణిక నాటకాలకు దుస్తులు అద్దెకిచ్చే డ్రెస్ కంపెనీలో కిరీటాలు, గదలు, భుజాల మీద రెక్కల్లా నిలబడే భుజకీర్తులు చేయడం ఆయన పని. రేకు కత్తిరించి, బంగారు కాగితం అంటించి, అద్దం ముక్కలు పొదిగి ఆయన చేతికిస్తే ఎంత బక్కపలచని గుమాస్తా అయినా చక్రవర్తి అయి తీరాల్సిందే.

ప్రశ్నలంటారా, వాటికి వేళాపాళా ఉండేది కాదు. హోటల్లో ఇడ్లీ ముందు పెట్టుకుని, పాత్రలో పై వరసకీ కింది వరసకీ ఆవిరి ఒకేలా ఎలా అందుతుందని సర్వర్ని నిలబెట్టేసేవాడు. ఇంట్లో భార్య జవాబు చెప్పడం ఎప్పుడో మానేసింది. ఇంత మాటకారికీ ఒక భయం ఉంది. స్టేజీ అంటే ఆయనకు చచ్చేంత భయం. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ తెర పక్కన నిలబడి చూడటమే తప్ప, జనం కంటపడేలా ఒక్క అడుగు ముందుకు వేసినవాడు కాదు. లైట్లు మొహాన పడితే మోకాళ్ళు తమ మాట తాము వింటాయని ఆయనే చెప్పుకునేవాడు.

తొంభై రెండు చివర్లో ఆయన బుర్రలో ఒక చిక్కు వచ్చి పడింది. దాన్ని తెచ్చింది రేపల్లె ప్రమీలారాణి.

ప్రమీలారాణి రాజ వేషాలు వేసే ఆడమనిషి. మీసం దిద్దుకుని ఆమె సభలోకి నడిచొస్తే మగ నటులు పక్కకి తప్పుకునేవారు. ఆఖరి పద్యంలో కుడిచెయ్యి ఆకాశానికి ఎత్తి, రాగం తీసినంతసేపూ దించకుండా నిలబడటం ఆమె ప్రత్యేకం. జనం ఆ చెయ్యి కోసమే ఎదురుచూసేవారు. అలాంటిది ఏడాదిగా ఆ భుజం పట్టేసింది. వట్టి చెయ్యైతే ఎలాగో లేస్తుంది. పైన భుజకీర్తి రేకు ఉంటే, ఎత్తేసరికి అది చెంపకి గుచ్చుకుంటుంది. ఇంకాస్త బలంగా తోద్దామంటే భుజం ఒప్పుకోదు. రెండు నాటక సమాజాలవాళ్ళు ఆమెను మెల్లగా పక్కన పెట్టేశారు. ఏప్రిల్లో రేపల్లె పరిషత్తులో ఆడబోయే నాటకమొక్కటే మిగిలింది. అందులో చెయ్యి లేవకపోతే ఇక రాజ వేషం తనకు లేనట్టే.

"భుజకీర్తులు లేకుండా వేసుకోకూడదా చెల్లెమ్మా?" అన్నాడు వీరాస్వామి.

"అవి తీసేస్తే రాజెవరన్నయ్యా? గుమ్మం దగ్గర గూర్ఖాలా ఉంటాను," అంది ఆమె. ఆ తర్వాత నవ్వు ఆపేసి, "నాకింకో పని రాదు. ఏదో ఒకటి చెయ్యి," అంది.

ఆయన అట్టతో చేసి చూశాడు. చెమటకి మెత్తబడి చెవుల్లా వేలాడాయి. చిన్నవి చేసి చూశాడు. లైట్ల కింద జోకర్లా ఉంది. నెల తిరిగినా దారి దొరకలేదు.

అలాంటి రోజుల్లోనే బాపట్లలో ఏదో వార్షికోత్సవానికి కిరీటాలు అప్పగించి, తిరుగు రైలు కోసం స్టేషనుకి నడుస్తుంటే వాన పట్టుకుంది. ఒక వీడియో షాపు చూరు కింద దూరాడు. లోపల టీవీలో, తాటిచెట్టంత ఇనప మనిషి ఒకడు చెయ్యి పైకెత్తాడు. వాడి భుజం మీద తలుపంత రేకు ఉంది. చెయ్యి నిటారుగా లేచింది. రేకు చెంపకి తగల్లేదు!

వీరాస్వామి చెప్పులు విప్పడం కూడా మర్చిపోయి లోపలికి వెళ్ళాడు. "బాబూ, ఆ వేషం ఎవరు కట్టారు? ముడి ఎక్కడ వేశారు?"

లోపలున్న ఇద్దరూ పడీ పడీ నవ్వారు. వ్యవసాయ కాలేజీ విద్యార్థులు వాళ్ళు; అబ్బాయి పురుషోత్తం, అమ్మాయి లలిత. పురుషోత్తం అన్న సరుకు ఓడలో పనిచేస్తాడు. జపాను రేవులో కొన్న క్యాసెట్లు ఇంటికి తెస్తే, ఆదివారం మధ్యాహ్నాలు షాపతన్ని బతిమాలి వీళ్ళు వేసుకుంటారు. మాట ఒక్కటీ అర్థం కాదు. పైగా అక్కడి క్యాసెట్టు ఇక్కడి టీవీలో రంగులు చూపించదు. అంతా నలుపూ తెలుపే. అయినా కథ ఏమై ఉంటుందా అని వాళ్ళు రోజంతా కొట్టుకునేవారు.

"అది వేషం కాదు బాబాయ్‌గారూ, బొమ్మలు గీసి తీసిన సినిమా. అది మరమనిషి, యంత్రం," అన్నాడు పురుషోత్తం.

"యంత్రమైతే కోపం ఎందుకొచ్చింది? ఆ నిలబడ్డం చూడు. లోపల మనిషున్నాడు."

పురుషోత్తం నవ్వు సగంలో ఆగింది. ఎందుకంటే నిజంగానే ఉన్నాడు. ఆ యంత్రం ఛాతీలో ఒక కుర్రాడు కూర్చుని దాన్ని నడుపుతుంటాడు. "ఉన్నాడండి. కానీ వాడు డ్రైవరండి," అన్నాడు.

"లోపల ఎవరో ఒకరు ఉండాలిగా. నేనన్నదీ అదే," అన్నాడు వీరాస్వామి, తను అన్నది అది కాకపోయినా.

ఆ సాయంత్రం రైలు పోయింది. ఆ తర్వాత కుదిరిన ఆదివారమల్లా ఆయన బాపట్ల పాసింజరు ఎక్కేవాడు. ఇంత వయసొచ్చి బొమ్మల సినిమాకి పోతున్నాడని కంపెనీలో ఆట పట్టించారు. ఆయనకేం పట్టలేదు. మరమనిషి మోకాలు ముందుకి వంగుతుందా, కొంగలా వెనక్కా అని పురుషోత్తంతో వాదం. అంత బరువు పాదం పొలంలో వేస్తే దిగబడిపోదా అని సందేహం. రంగు సంగతైతే ముగ్గురికీ మూడు మాటలు. పురుషోత్తం నీలమంటాడు, లలిత తెలుపంటుంది, వీరాస్వామి బంగారమంటాడు. భుజాన అంత రేకు పెట్టుకున్నవాడికి ఇంకో రంగు ఏం బావుంటుందని ఆయన లెక్క.

లలితకి యంత్రాల గొడవ పట్టదు. ఆ కథలో రిబ్బన్లు కట్టుకుని మైకు పట్టుకునే పిల్ల ఒకతె ఉంది. ఆమె పాడటం మొదలెడితే ఆకాశంలో కొట్టుకుంటున్న యంత్రాలన్నీ ఆగిపోతాయి. "యుద్ధం మధ్యలో పాటేంటండీ? ఎవరైనా ఆగుతారా?" అనేది.

"మరెప్పుడు పాడాలమ్మా?" అన్నాడు వీరాస్వామి నిజంగానే తెలియక. "మా నాటకాల్లో కత్తి దూశాకే గదా పద్యం ఎత్తుకునేది! జనం వన్స్ మోర్ అన్నారంటే చచ్చినవాడు కూడా లేచి మళ్ళీ పాడతాడు."

లలిత ఏదో పత్రికలో చదివింది. జపానులో ఇలాంటి పాటగత్తెల్ని చిన్నప్పుడే కంపెనీలు ఏరుకుంటాయట. నడక, నవ్వు, జుట్టు, అన్నీ వాళ్ళే నేర్పుతారట. "అయితే ఆ నవ్వు ఆ పిల్లదా, కంపెనీదా?" అని ఆమె దిగులు.

"కిరీటం కంపెనీదేనమ్మా. మీసమూ కంపెనీదే. గొంతు మాత్రం మా దగ్గర అద్దెకి దొరకదు," అన్నాడు వీరాస్వామి. అప్పుడే వాళ్ళిద్దరికీ ప్రమీలారాణి సంగతంతా చెప్పాడు.

తెరమీద చూసింది చూసినట్టు రేకు కోసి, భుజానికి కాకుండా వీపుకి కట్టి చూశాడు. ప్రమీలారాణి చెయ్యెత్తింది. రేకు మెడ మీద గీరుకుని చర్మం లేచింది. ఆమె రేకు విప్పి ఆయన చేతిలో పెట్టేసింది. అదే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది.

మరుసటి ఆదివారం షాపులోకి వస్తూనే, "ఆ జపానువాడు మోసగాడు!" అన్నాడు. పురుషోత్తం క్యాసెట్టు వెనక్కి తిప్పి, చెయ్యెత్తే చోట బొమ్మని ఆపాడు. కొంచెం కదిపి మళ్ళీ ఆపాడు. ముగ్గురూ టీవీకి ముక్కు ఆనించి చూశారు. చెయ్యి పైకి వెళ్తున్నకొద్దీ రేకు చిన్నదైపోతోంది. చెయ్యి దిగాక మళ్ళీ తలుపంత అవుతోంది. గీసినవాడు ఎవరికీ తెలియకుండా దాన్ని కుదించేశాడు.

"చూశావా దొంగతనం!" అన్నాడు వీరాస్వామి. వెంటనే ఆయన మొహం మారిపోయింది. "కాగితం మీద వాడు చిన్నది చేశాడు. రేకుని చిన్నది చెయ్యలేం. ముడుచుకునేలా చేస్తే?"

ఆ మధ్యాహ్నం సిగరెట్ పెట్టె అట్టలతో మూడు రెక్కలు కోశారు. రొయ్య పెంకులా ఒకదాని మీదొకటి ఎక్కేలా ఒక కొసన మేకు గుచ్చారు. చెయ్యెత్తితే రెక్కలు ఒకదాని కింద ఒకటి దూరతాయి. దించితే తమ బరువుకే విచ్చుకుంటాయి. పురుషోత్తం, "తిరిగి విచ్చుకోడానికి చిన్న స్ప్రింగు పెడదామండి," అన్నాడు. "రాజు భుజంలోంచి టంగుమని మోతొస్తే పరువేం కానూ?" అని వీరాస్వామి కొట్టిపారేశాడు. తన రేకు మీద తనకు అంత నమ్మకం.

ఏప్రిల్లో రేపల్లె పరిషత్తు. ఇంకా వెలుతురుండగానే నాటకం మొదలైంది. విద్యార్థులిద్దరూ వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. వీరాస్వామి ఎప్పట్లాగే తెర పక్కన. ఆఖరి పద్యం వచ్చింది. ప్రమీలారాణి చెయ్యి లేచింది. మూడు రెక్కలు చప్పుడు లేకుండా ముడుచుకున్నాయి. చెయ్యి నిటారుగా నిలిచింది. ఏడాదిగా ఎవరూ చూడని చెయ్యి. చప్పట్లకి పందిరి అదిరింది. వీరాస్వామి కళ్ళు తుడుచుకున్నాడు.

"వన్స్ మోర్!"

అన్నీ ఆలోచించిన మనిషి, ఈ ముక్క ఆలోచించలేదు. లోకమంతటికీ వన్స్ మోర్ గురించి చెప్పిన నోరు ఆయనది. ప్రమీలారాణి మళ్ళీ చెయ్యెత్తింది. ఈసారి పై రెక్క జారి, కంఠహారం కింద ఇరుక్కుంది. తెర పక్కనుంచి ఆయనకి స్పష్టంగా కనిపించింది. ఇప్పుడు ఆమె చెయ్యి దించితే రేకు అంచు మెడలో దిగుతుంది. ఆమెకీ తెలిసింది. చెయ్యి దించలేదు. పద్యం అందుకుంది. రెండో పాదం దగ్గర మోచెయ్యి వణకడం మొదలైంది.

తర్వాత ఏం జరిగిందో ఆయన్ని అడిగితే సరిగ్గా చెప్పలేకపోయేవాడు. పక్కన భటుడి వేషం కుర్రాడి తలపాగా లాగి తన నెత్తిన పెట్టుకున్నాడు. ఎవరిదో పట్టు ఉత్తరీయం లుంగీ మీద చుట్టుకున్నాడు. వింజామర పట్టుకుని, మోకాళ్ళు చెప్పిన మాట వినకపోయినా, లైట్లలోకి నడిచాడు. రాజుగారి వెనక నిలబడి ఎడమచేత్తో వింజామర వీస్తూ, కుడిచెయ్యి ఆమె ఉత్తరీయం కిందికి పోనిచ్చి మోచేతిని ఎత్తి పట్టుకున్నాడు.

వణుకు ఆగింది. ప్రమీలారాణి తల తిప్పలేదు గానీ ఆమె బరువంతా ఆయన అరచేతి మీద వాలింది. అక్కడి నుంచి ఆమె రాగం తీసిన తీరు రేపల్లెవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. పద్యం అయ్యాక, జనం చప్పట్లు కొడుతుండగా, ఆయన వింజామర చాటున వేళ్ళతో రెక్క విడిపించాడు. అప్పుడు చెయ్యి దిగింది, రాజసంగా, తనకి తోచినప్పుడే దించినట్టు.

లోపలికొచ్చాక ఆమె మీసం తడిసిపోయి ఉంది. "వణికి చచ్చావు కదన్నయ్యా," అంది.

"ఇంకా వణుకుతున్నాను," అన్నాడు ఆయన.

అంతలో పురుషోత్తం, లలిత పరుగెత్తుకుంటూ వచ్చారు. ముందు వరసలో కూర్చున్నా వాళ్ళకి వింజామరే తప్ప ఉత్తరీయం కింద ఆయన చెయ్యి కనపడలేదు. "అంతసేపు చెయ్యి కదలకుండా ఎలా ఆగిందండీ? చివర్లో అంత నెమ్మదిగా ఎలా దిగింది? స్ప్రింగు పెట్టారు కదూ! లోపల ఏం పెట్టారు బాబాయ్‌గారూ?"

వీరాస్వామి తలపాగా తీసి, కుడి అరచెయ్యి చూసుకున్నాడు. మోచెయ్యి ఆనినచోట ఎర్రగా కందిపోయి ఉంది.

"మనిషిని పెట్టాను బాబూ," అన్నాడు.

ఆ స్ప్రింగు మరుసటి వారమే పెట్టాడు, మోతేమీ రాలేదు. ప్రమీలారాణి ఇంకో ఐదేళ్ళు రాజ వేషాలు వేసింది. రేకు మళ్ళీ ఎన్నడూ ఇరుక్కోలేదు. అయినా ఆఖరి పద్యానికి ముందు ఆమె తెర పక్కకి చూసేది. కిరీటాల వీరాస్వామి, మోకాళ్ళు వణుకుతుండగానే, వింజామర పట్టుకుని వచ్చి వెనక నిలబడేవాడు.