మిక్సీలో పసుపు కొమ్ములు, నెట్‌లో నా గొప్పలు

వెబ్‌సైటు పెట్టి ఒక మిక్సీనీ ఒక స్నేహాన్నీ ఒకే దెబ్బకు పగలగొట్టిన ఘనుడిని నేను. కొత్తగా ఈ దారి పట్టేవాళ్లు దగ్గరికి జరగండి. నవ్వేవాళ్లు కాస్త ఎడంగా కూర్చోండి.

నిజామాబాద్ మార్కెట్ యార్డులో, కమీషన్ మీద పసుపు అమ్మిపెట్టే అడ్తి దుకాణంలో నలభై ఏళ్లు గుమాస్తాగిరీ చేశాను. కొమ్ము విరిచి లోపలి రంగు చూడందే మంచిదన్న పాపాన పోలేదు. భార్య పోయాక ఇంట్లో నా మాట వినేది కుక్కరొక్కటే. అదీ మధ్యలో ఈల వేసేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట్లో పోటీకి ఎవరూ లేరు గనుక గెలిచినట్టే అనుకుని రచ్చకెక్కాను.

పని తేలికే. వస్తువును పొగుడుతూ రాసి కింద లింకు పెట్టాలి. అది నొక్కి ఎవరైనా కొంటే మనకు కమీషన్. నా సైటును వేలమంది చదువుతున్నారని వీధంతా చాటాను. సరే, వందలమంది. సరే సరే, ఇద్దరు. ఒకడు నేను. రెండోవాడు బోధన్ దగ్గరి చెరకు రైతు గంగారాం, రోజూ పొద్దున్నే నాకు ఫోన్ చేసే ఏకైక ప్రాణి.

ఒకనాడు, బొమ్మ తప్ప చూడని మిక్సీ గురించి రాశాను: ‘ఆరు నెలలుగా వాడుతున్నాను. ఎండు పసుపు కొమ్ములను సైతం మెత్తగా పిండి చేస్తుంది.’ రాయిలాంటి ఆ కొమ్ములను పిండి గిర్నీకే పంపాలని మా జిల్లాలో ఉయ్యాలలోని పిల్లలకూ తెలుసు. గంగారాంకు ఇంకా బాగా తెలుసు. అయినా నేను రాశానని కొన్నాడు, కొమ్ములు వేశాడు. మిక్సీ జారు పగిలింది.

“ఆరు నెలల సంది వాడుతున్న అన్నవ్ గద నర్సన్నా” అన్నాడు ఫోన్‌లో. “ఏదీ, నీ మిక్సీ సప్పుడు జర వినిపియ్యి.”

నేను నోటితో గుర్రుమన్నాను.

“గంతకన్న మా బర్రె నయం” అని ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు ఫోన్ మోగలేదు. వారమైనా మోగలేదు. సైటుకు రోజుకొక్కడే వస్తున్నట్టు లెక్క చూపేది. ఆ ఒక్కడూ నేనే.

ఎనిమిదో నాడు బోధన్ బస్సెక్కాను. గంగారాం తిట్టలేదు. రోలు పక్కన కొమ్ములు కుప్ప పోసి, రోకలి నా చేతికిచ్చాడు.

“వాడలే గంగన్నా. కండ్లతోని గూడ సూడలే” అన్నాను.

“ఎర్కే. దంచు. గిది వాడి, గప్పుడు రాయి.”

పొద్దు గూకేదాకా దంచాను. అరచేతులు బొబ్బలెక్కాయి. గంగారాం పక్కనే కూర్చుని, వారం రోజుల ఫోన్లకు సరిపడా దెప్పాడు. నిజానికి అది రెండు గంటల పని. కావాలనే మెల్లగా దంచానని ఆయనకు చెప్పకండి.

వాడని వస్తువును ఇకపై పొగడనని, పసుపు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. బొబ్బలు మానలేదు గనుక, ప్రస్తుతానికి చిటికెన వేలితోనే.