రెండు గుంటలకు ఒకటే తూము

ముత్తుకూరులో మోటార్లకు వైండింగ్ చేసుకుని బతికే నన్ను ఒకాయన చదువు లేని వాడన్నాడు. ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా రంగు కూడా నాకు గుర్తే. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మాట నిజం. చదువు మానేశానని ఎవరు చెప్పారు? సీ ప్లస్ ప్లస్ అనే కంప్యూటర్ భాష నేర్పే పుస్తకం ఒకటి పాత పుస్తకాల కొట్లో కొని, డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండేళ్లు చదివాను. అర్థం కాని పేజీలను చేత్తో ఎత్తి రాసుకున్నాను.

ఆ చదువుతోనే రొయ్యల గుంటలకు ఒక పెట్టె తయారు చేశాను. నీళ్లను చిలికి రొయ్యలకు గాలి అందించే ఏరియేటర్లు ఏ వేళకు తిరగాలో, ఏ వేళకు ఆగాలో ఆ పెట్టే చూసుకుంటుంది. నన్ను నమ్మి మొదట పెట్టించుకున్నది రెండు గుంటలు సాగు చేసే ఒకావిడ. ఆమెకున్నవి ఆ రెండే.

మొదటి గుంట వివరాలన్నీ ఓపిగ్గా రాశాను. రెండోదానికి మళ్లీ అంతా ఎందుకని, ప్రోగ్రాములో ఒక్క లైనుతో మొదటిదాన్నే కాపీ చేశాను. పంట కాలమంతా బాగానే నడిచింది.

మబ్బు పట్టిన ఒక ఉదయం రెండో గుంటలో రొయ్యల పట్టుబడి ముగిసింది. ఇక ఆ గుంటతో పని లేదు కనుక ఆమె మీట నొక్కి పెట్టెలోంచి దాన్ని చెరిపేసింది. కాసేపటికి మొదటి గుంటలో ఏరియేటర్ చక్రాలు ఆగిపోయాయి. ఫోను వచ్చి నేను వెళ్లేసరికి రొయ్యలు గాలి అందక పైకి తేలి గట్టు వెంబడి చేరుతున్నాయి. ఆమె అప్పటికే పెట్టె వైర్లు తప్పించి మోటార్లను నేరుగా ఆన్ చేస్తోంది.

"ఏందన్నా ఇది? నేను చెరిపింది రెండోదాన్ని గదా!"

గట్టు మీద ఆమె తమ్ముడున్నాడు. ఇంజనీరింగ్ చదివినాయన. "చదువు లేనోడి పెట్టెను నమ్మితే ఇట్టాగే ఉంటాది. పీకి పారేయక్కా."

"పీకుదువులే. సాయంత్రం దాకా ఆగు" అన్నాను.

"నీ కోసం రొయ్యలు ఆగుతాయా పెద్దాయనా?"

"నువ్వూరుకోరా" అందామె. "అన్నా, సాయంత్రం దాకా మోటార్ల కాడ నేనే కూసుంటా. అప్పటికీ కుదరకపోతే పెట్టె నువ్వే తీసకపో."

షెడ్డులో కూర్చుని లైను లైనూ చదివాను. తప్పు దొరికింది. నాదే. గుంట వివరాల్లో చక్రాలు తిరిగే, ఆగే వేళల పట్టీ ఉండదు, ఆ పట్టీ ఎక్కడుందో చెప్పే చిరునామా మాత్రమే ఉంటుంది. కాపీ ఎలా చేయాలో మనం చెప్పకపోతే ఆ భాష ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తుంది, చిరునామాతో సహా. రెండు గుంటలకు వేరు వేరు తూములు పెట్టాననుకున్నాను, పెట్టింది ఒకటే తూము. రెండో గుంటను చెరిపితే దాంతోపాటు పట్టీ కూడా పోయింది. మొదటి గుంట తర్వాతి వేళ కోసం అక్కడికి వెళ్తే దొరికింది అర్థం లేని అంకెల చెత్త.

అయితే కాపీ ఎలా జరగాలో మనమే శాసించవచ్చు. ఆ అధికారం ఇచ్చిందనే ఆ భాషంటే నాకు గౌరవం. కొత్త గుంటకు కొత్త పట్టీ పుట్టించి, వేళలన్నీ అందులోకి ఒక్కొక్కటిగా దించేలా రాశాను. ఏ గుంట పట్టీ ఆ గుంటతోనే పోతుంది.

ఎప్పుడొచ్చాడో, తమ్ముడు నా భుజం వెనక నిలబడి చదువుతున్నాడు.

"కొత్త గుంటకు సరే. ఉన్న గుంట మీదికి ఇంకోదాని వివరాలు తెచ్చి రాస్తే?"

"పాత పట్టీ తీసేసి కొత్తది పెడతాది. కింద చూడు."

ఆయన నవ్వాడు. పరీక్షల్లో అడిగే ప్రశ్న ఒకటి దాచుకున్నాడన్నమాట. "అట్టయితే, మొదటిదాన్ని మొదటిదాని మీదే రాస్తే? తీసేసేది కూడా దాని పట్టీనే గదా?"

"ముందు రెండూ ఒకటేనా అని అడుగుతాది. ఒకటే అయితే ఏం ముట్టుకోదు. మూడో లైను."

మూడో లైను చదివాడు. స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

కొత్త ప్రోగ్రాము ఎక్కించి, మొదటి గుంట వేళలు మళ్లీ రాసి, మోటార్లను తిరిగి పెట్టెకు కలిపాం. పరీక్షించి చూడటానికి మొదటి గుంట నుంచి రెండోదాన్ని తిరిగి కాపీ చేశాను. ఆమె దాన్ని చెరిపి బయటికి వెళ్లి గట్టు మీద నిలబడింది. తర్వాతి వేళ వచ్చింది, పోయింది, ఇంకోటి వచ్చింది. మొదటి గుంటలో చక్రాలు ఆగాల్సినప్పుడు ఆగి, తిరగాల్సినప్పుడు తిరిగాయి.

"పెట్టె ఈడనే ఉండనీ అన్నా" అని అక్కడి నుంచే కేకేసింది.

మూత పెట్టి స్క్రూలు బిగించింది ఆ తమ్ముడే. చదువు లేనోడన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. నేనూ మరిచిపోలేదు.